సంతకం పెట్టినవాళ్ళకి ఏమీ రాదు

“ఇది చెల్లదమ్మా,” అంది లాయరమ్మ.

చేతిసంచి కింద పెట్టలేదు, కూర్చోలేదు, మంచినీళ్ళు తాగలేదు. షెడ్డు గుమ్మంలో నిలబడి, మేం నిన్న పంపించిన కాగితాలు మళ్ళీ మాకే చాపింది.

ఆ కాగితాల్లో ప్రతి అక్షరం నాదే. ఆదివారం అమ్మ చెబుతూంటే మూడు గంటలు కూర్చుని గుండ్రంగా రాశాను. వేళ్ళు పీకేసినా ఒక్క కొట్టివేత రానివ్వలేదు.

“ఎక్కడైనా తప్పు రాశానా?” అన్నాను.

“తప్పేం లేదు. నీ దస్తూరీ చూస్తే ముచ్చటేసింది. చిక్కంతా ఆఖరి పేజీలో సంతకాలతోనే.”

“సంతకాలుంటే చెల్లాలి గానీ చెల్లకపోవడమేంటమ్మా? చోద్యం కాకపోతే!” అంటూ అమ్మ లోపల్నించి వచ్చింది. ఆసుపత్రికి తీసుకెళ్ళే సంచి ఆవిడ చేతిలోనే ఉంది. పొద్దుట్నించి దాన్ని సర్దడం అది నాలుగోసారి.

మధ్యాహ్నం రెండింటికి కారు వస్తుంది. మూడింటికి ఆసుపత్రిలో చేరాలి. రేపు పొద్దున్నే గాల్‌బ్లాడర్‌లో రాళ్ళు తీస్తారు. చిన్న ఆపరేషనే అన్నాడు డాక్టరు. “అంత చిన్నదైతే నువ్వే చేయించుకో నాయనా,” అని అమ్మ ఆయన మొహం మీదే అంది. పైకి అలా అన్నా లోపల బెంగ పెట్టుకుంది. బల్ల ఎక్కేలోపు ఇంటి సంగతి తేలిపోవాలని పట్టుబట్టింది. ఆ పట్టుదలే ఈ వీలునామా.

లాయరమ్మ ఆఖరి పేజీ తిప్పి వేలు పెట్టి లెక్కపెట్టింది. “ఇది మీది. కింద సాక్షులు ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఇంతమందితో ఎవరు పెట్టించమన్నారు?”

ఎవరి పేరు చెప్పాలి? అది మా ఇంటి పద్ధతి.

మా షెడ్డులో కుర్చీ తయారైతే దాన్ని బోర్లించి, సీటు అడుగున, చెయ్యి పడ్డవాళ్ళందరూ పెన్సిలుతో సంతకం పెడతారు. కాళ్ళు బిగించిన మా ఆయన, పేము అల్లిన నేను, పాలిష్ పెట్టిన పిన్ని, ఆఖర్న కొన్నవాళ్ళింటికి చేర్చే తమ్ముడు. సంతకం లేని కుర్చీ గుమ్మం దాటదు. నాన్న ఉన్నప్పట్నించీ అంతే. పని చేసినవాళ్ళు పేరు దాచుకోవడమేంటి అనేవాడాయన.

మరి వీలునామాకి మాత్రం పద్ధతి మారుతుందా? అమ్మ పెట్టింది. “మీరూ పెట్టండర్రా,” అంది. పెట్టాం. తమ్ముడు ఒక్కడే విసురుగా గీకి, పెన్ను బల్ల మీద పడేసి, కంచం ముందు కూడా కూర్చోకుండా వెళ్ళిపోయాడు. అప్పట్నించి రెండ్రోజులుగా అమ్మతో వాడికి మాటల్లేవు.

“అమ్మా, సాక్షి అంటే పక్కన నిలబడి చూసే మనిషి,” అంది లాయరమ్మ, చిన్నపిల్లకి చెప్పినట్టు. “మీరు సంతకం పెట్టడం ఇద్దరు చూడాలి. చూసి, మీ ఎదురుగానే వాళ్ళూ పెట్టాలి. ఆ ఇద్దరికీ ఇందులో చిల్లిగవ్వ రాకూడదు. మీరేం చేశారు? ఇల్లు తీసుకునే అబ్బాయి, షెడ్డు తీసుకునే అమ్మాయి, పనిముట్లు తీసుకునే అల్లుడు, పైగదిలో ఉండే ఆవిడ, నలుగురితోనూ పెట్టించారు. సాక్షి సంతకం పెట్టినవాళ్ళకి రాసింది రాయనట్టే. అంటే ఈ కాగితం ప్రకారం వీళ్ళలో ఎవరికీ ఏమీ రాదు.”

అమ్మ ఒక్క క్షణం నోరు తెరుచుకుని చూసింది. ఆ తర్వాత నవ్వు మొదలెట్టింది. కుడి డొక్క పట్టుకుని, “అబ్బా, రాళ్ళు కదుల్తున్నాయే!” అంటూనే నవ్వింది.

“భలే! మూడు పేజీలు రాయించి ఇంటిల్లిపాదికీ ఎగనామం పెట్టానన్నమాట!”

నాకూ నవ్వాగలేదు. లాయరమ్మ మాత్రం నవ్వలేదు.

“మీ పిల్లల సంగతి నాకు బెంగ లేదు. కాగితం లేకపోయినా మీది వాళ్ళకి వస్తుంది. వెనక పాలిష్ చేస్తోందే, ఆవిడ సంగతి చూడండి. ఆవిడ మీకు ఏమవుతుంది?”

“ఏమవడమేంటి? నా చెల్లెలు.”

“తోడబుట్టిందా?”

అమ్మ సంచి జిప్పు అటూ ఇటూ లాగింది.

“అదీ సంగతి. ఆ పైగదిలో ఆవిడ ఉండాలంటే ఆధారం ఈ కాగితం ఒక్కటే. రేపు మీరు క్షేమంగా తిరిగొస్తారు, నాకు నమ్మకమే. రాకపోతే మాత్రం ఆవిడకి ఆ గది మీద పుల్లంత హక్కుండదు.”

మా నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. షెడ్డు వెనక వైపు నుంచి గుడ్డతో చెక్క రుద్దే చప్పుడు వినిపిస్తోంది. పిన్ని మాకు చుట్టం కాదు. ఇరవై రెండేళ్ళ క్రితం పన్నెండు భోజనాల బల్ల కుర్చీలకి పాలిష్ పెట్టడానికి వారం రోజుల పనికని వచ్చింది. ఆ వారం ఇంకా అయిపోలేదు. తమ్ముడికి అప్పుడు ఏడేళ్ళు. వాడికి జ్వరమొస్తే అమ్మ కంటే ముందు పిన్నే లేచేది. “పిన్నీ” అని మొదట పిలిచింది వాడే.

“సరే,” అంది అమ్మ సంచి కింద పెట్టి. “కొత్తగా రాద్దాం. పెద్దదానా, పెన్ను తియ్యి. టైమెంత?”

“పదకొండు.”

“బోలెడు టైముంది.”

బోలెడు టైమట! మూడు పేజీలు తిరిగి ఎత్తి రాయడానికి నాకే గంటన్నర పడుతుంది. ఆ మాట అంటే వింటుందా? నేను రాస్తూనే ఉన్నాను, లాయరమ్మ ప్రశ్నలు అడుగుతూనే ఉంది.

“బ్యాంకులో నామినీగా ఎవరి పేరుంది?”

“ఇంకెవరిది? మా ఆయనది.”

“ఆయన పోయి ఆరేళ్ళయిందిగా!”

“అయితే?”

“నామినీ అంటే డబ్బు చేతికి తీసుకుని, హక్కున్నవాళ్ళకి అప్పజెప్పే మనిషమ్మా. ఆయనొచ్చి తీసుకుంటారా?”

“ఉన్నప్పుడే బ్యాంకుకి వెళ్ళమంటే బద్ధకించేవాడు. ఇప్పుడేం వస్తాడు?” అంది అమ్మ. లాయరమ్మ ఈసారి నవ్వాపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“ఆసుపత్రి నుంచి రాగానే మీ చేత ఆ పని చేయిస్తా. సరే, ఈ వీలునామా ఎక్కడ దాస్తారు?”

“దుప్పట్ల పెట్టెలో. అట్టడుగున.”

“అక్కడుందని ఎవరికి తెలుసు?”

“ఎవరికీ తెలీదు. అందుకేగా దాయడం!”

“మరి మీ తర్వాత దీన్ని ఎవరు వెతికి తీస్తారు?”

అమ్మ ఆలోచనలో పడింది. తను దాచినది తనకే దొరకని రోజులు మా ఇంట్లో ఎన్నో ఉన్నాయి. చివరికి అసలు కాగితం లాయరమ్మ బీరువాలో, దాని నకలు నా దగ్గర ఉండేట్టు ఒప్పుకుంది. వీలునామాలో ఉన్నవన్నీ ఉన్నట్టు జరిపించే పూచీ మా ఆయన మీద పెట్టింది. ఆయన కలప కొనడానికి వెళ్ళి ఊళ్ళో లేడు గనక బతిమాలించుకునే అవకాశం పోగొట్టుకున్నాడు.

పన్నెండున్నరకి రాయడం అయిపోయింది. ఇక సాక్షులు. అసలు తమాషా అక్కడే మొదలైంది.

“ఇద్దరేగా, వీధిలో కేకేస్తే ఇరవై మంది వస్తారు,” అంది అమ్మ ధీమాగా.

“ఎవర్ని పిలవను? పాలాయన్ని?” అన్నాను.

“పిలువు.”

“ఆయనకి పొట్టి స్టూలు రాశావు.”

“ఔను గదూ. మందుల షాపాయన్ని పిలువు.”

“ఆయనకి బెంచీ.”

“పక్కింటి టీచరమ్మ?”

“ఊగే కుర్చీ. మంగలి షాపతనికి అద్దం స్టాండు. మూలింటి ముసలాయనకి చేతికర్ర. ఎదురింటి కవలలకి చెరొక బల్ల. రెండో పేజీ అంతా ఇదేనమ్మా తల్లీ. ఈ వీధిలో నువ్వు ఎవరికి రాయలేదో చెప్పు ముందు!”

రాయమన్నది ఆవిడే, రాసింది నేనే. అప్పుడు ముచ్చటగానే ఉంది. అమ్మకి ఎవరైనా గుర్తొస్తే వాళ్ళకి ఏదో ఒకటి ఇవ్వకుండా ఉండలేదు. ఇప్పుడు ఆ మంచితనమే మెడకి చుట్టుకుంది.

“పోనీ లాయరమ్మా, మీరే పెట్టెయ్యకూడదూ?” అన్నాను.

“నాకేం అభ్యంతరం లేదు. నేను పెడతా.”

అమ్మ తల గోక్కుంది. “మీకు... ఆ తిరిగే కుర్చీ రాశానమ్మా. మీరు మీ కుర్చీలు రిపేరుకి తెచ్చినప్పుడల్లా అందులో కూర్చుని గిర్రున తిరిగేవారు గదా, చిన్నపిల్లలా.”

లాయరమ్మ మొహం ఎర్రగా అయింది. రెండో పేజీ ఆవిడ చదివినట్టు లేదు, మొదటి పేజీ, ఆఖరి పేజీ చూసే వాపసు తెచ్చేసింది. “నా పేరు కొట్టేయండి,” అంది.

“కొట్టను. ఇస్తానన్నది వెనక్కి తీసుకోవడం నాకు చేతకాదు. నా ఒంట్లో లేదు.”

“అమ్మా, వాళ్ళలో ఎవరికో ఒకరికి తీసేస్తే...”

“తియ్యను!”

ఆ గొంతు నాకు తెలుసు. ఇక దేవుడు దిగొచ్చినా తియ్యదు.

“ఆసుపత్రిలో నర్సుల్ని అడుగుదామా?” అన్నాను.

“ఇంజక్షనిచ్చి మత్తులో పెట్టించారని రేపు ఎవడైనా అంటే? ఇక్కడే, తెలివిగా, నవ్వుతూ ఉన్నప్పుడే పెట్టాలి,” అంది లాయరమ్మ. ఫోన్ తీసి తన గుమాస్తాని బయల్దేరమంది. “ఒకడు దొరికాడు. నలభై నిమిషాల్లో వస్తాడు. రెండోవాడు కావాలి.”

లాయరమ్మా నేనూ కాగితం మీద వేలు పెట్టి వీధి మొదట్నించి చివరిదాకా పేరు పేరునా చూసుకుంటూ వచ్చాం. దొరికాడు! రోడ్డుకి అవతల ఇస్త్రీ షాపాయన. ఆయనకి అమ్మ ఏమీ రాయలేదు. నేను పట్టలేని సంతోషంతో రోడ్డు దాటి పరిగెత్తాను.

“బాబాయ్! మీ అదృష్టం! మా అమ్మ వీలునామాలో మీకు ఏమీ రాయలేదు!”

ఆయన ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టాడు. కళ్ళజోడు తీశాడు.

“ఏమీ రాయలేదా?”

“ఒక్క పుల్ల కూడా!”

“పాలాయనకి?”

నాకు అప్పటికి గాని నోరు జారినట్టు తెలియలేదు. “స్టూలు...” అన్నాను మెల్లిగా.

“మందుల షాపోడికి?”

“...బెంచీ.”

“పద్నాలుగేళ్ళు! పద్నాలుగేళ్ళుగా మీ ఇంటి బట్టలు ఒక్క మడత తేడా రాకుండా ఇస్త్రీ చేస్తున్నా. ఆ మందుల షాపోడు మాత్ర ఇచ్చి నీళ్ళు కూడా ఇవ్వడు. వాడికి బెంచీ! నాకు మాత్రం సంతకమా?” నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. 

చివరికి అమ్మే సంచితో సహా రోడ్డు దాటొచ్చింది. “ఏమయ్యా, అలిగావా? నీకు రాయకపోవడానికి కారణముంది.”

“ఏం కారణం?”

నాకు తెలుసు, కారణం మరచిపోవడమే. అమ్మ తడుముకోలేదు.

“నీకు నేను పోయాక ఇవ్వడమేంటి? బతికుండగానే నా చేత్తో ఇస్తా. ఏం కావాలో చెప్పు.”

ఆయన మొహం విప్పారింది. “నడుం వంగకుండా ఇస్త్రీ చేసుకునేలా, కాస్త ఎత్తు బల్ల...”

“ఆగండాగండి!” లాయరమ్మ వెనక నుంచి కేకేసింది. “సంతకానికి ముందు బల్లల మాటెత్తకండి. లంచంలా ఉంటుంది. సంతకం అయిపోయాక మీ మనసు, మీ బల్ల!”

“నేనేం వినలేదు,” అన్నాడు ఇస్త్రీ బాబాయ్. చొక్కా దులుపుకుని, తల దువ్వుకుని, మా షెడ్డుకి పెళ్ళికొడుకులా నడిచొచ్చాడు.

అప్పటికి ఒకటింబావు. గుమాస్తా ఎక్కడో ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాడు. తమ్ముడు వ్యాను పెట్టి లోపలికొచ్చాడు.

వాడు ఎవరి వంకా చూడకుండా వెళ్ళి అమ్మ సంచి తీసుకున్నాడు. జిప్పు సగంలో ఆగితే పూర్తిగా లాగాడు. లోపల మందుల చీటీ ఉందో లేదో చూశాడు.

“తిన్నావా?” అంది అమ్మ.

“తిన్నా.”

“ఎక్కడ?”

“బయట.”

“ఏం తిన్నావు?”

“ఏదో.”

రెండ్రోజుల తర్వాత వాళ్ళు మాట్లాడుకున్న మాటలు ఇవే. అమ్మ ఊరుకుంటే బావుండేది. ఊరుకోదు.

“చూశారా లాయరమ్మా? పైగదికి వీధివైపు కిటికీలున్నాయి. వెలుతురు బావుంటుంది, కుర్చీలు వరసగా పెట్టి జనానికి చూపిద్దామని వీడికెప్పట్నించో కోరిక. ఆ గది నా చెల్లెలికి రాశానని మూతి ముడుచుకున్నాడు.”

తమ్ముడు ఏదో అనబోయి పళ్ళు బిగించుకున్నాడు.

వెనకవైపు రుద్దే చప్పుడు ఆగిపోవడం నేను విన్నాను. అమ్మ వినలేదు.

ఇరవై నిమిషాలు గడిచాయి. లాయరమ్మ మూడుసార్లు ఫోన్ చేసింది. మేం తయారైన కుర్చీల మధ్య పెళ్ళివారి కోసం ఎదురుచూసినట్టు కూర్చున్నాం. ఇస్త్రీ బాబాయ్ ఒక్కడే హుషారుగా ఉన్నాడు. ఖాళీ కాగితం మీద సంతకం ప్రాక్టీసు చేసుకుంటున్నాడు.

“ఇంతవరకు నా సంతకం ఎవరూ అడగలేదమ్మాయ్,” అన్నాడు నాతో. “ఇలా తోక పెడితే బావుందా, లేకుండా బావుందా?”

“తోకే బావుంది బాబాయ్.”

రెండుకి పది నిమిషాలుందనగా లాయరమ్మ లేచింది. “వాడు దగ్గర్లోనే ఉన్నానంటున్నాడు. ఇంకో పావుగంట. ఈలోపు బల్ల మీద అన్నీ సిద్ధం పెట్టుకుందాం.” 

కాగితాలు పరిచాం. అప్పుడే వీధిలో కారు హారన్ మోగింది. ఎప్పుడూ అరగంట ఆలస్యంగా వచ్చే కారు ఆవాళ పది నిమిషాలు ముందే వచ్చింది.

“మీరిప్పుడే పెట్టేస్తారా అమ్మా? వాడు చూడకపోయినా, వచ్చాక ‘నా సంతకమే’ అని మీరు చెబితే వాడు పెట్టొచ్చు, అదీ చెల్లుతుంది,” అంది లాయరమ్మ.

అమ్మ పెన్ను తీసుకుంది. ఎప్పుడూ చెక్క మీద పెన్సిలుతో పెట్టే సంతకం, నున్నటి కాగితం మీద జారిపోతుందేమోనన్నట్టు నొక్కి పెట్టింది. తర్వాత ఇస్త్రీ బాబాయ్ తోకతో సహా పెట్టాడు. పెట్టి, వెనక్కి జరిగి, దాన్ని రెండు వైపుల నుంచీ చూసుకున్నాడు.

“ఇంకొక్కటి,” అంది లాయరమ్మ.

“అది నేను పెడతాను,” అంది పిన్ని.

ఎప్పుడొచ్చిందో! చేతులకి పాలిష్ మరకలు, భుజం మీద గుడ్డ. మేం తేరుకునేలోపు ఇస్త్రీ బాబాయ్ చేతిలో పెన్ను లాక్కుని, కాగితం మీద వంగి, రెండో సాక్షి అని ఉన్నచోట గబగబా పేరు రాసేసింది. పక్కన బొటనవేలి మరక కూడా పడింది.

“పిన్నీ!” అని అరిచాను.

“ఏం చేశారండీ!” అని లాయరమ్మ అరిచింది. “మీరు పెట్టకూడదు! పెడితే మీకు గది రాదు!”

“విన్నాను. పొద్దుట్నించి వింటూనే ఉన్నా. సంతకం పెట్టినవాళ్ళకి ఏమీ రాదు. నాకు కావలసిందీ అదే.” పిన్ని పెన్ను కింద పెట్టి చేతులు తుడుచుకుంది. గొంతు మామూలుగానే ఉంది, కళ్ళు మాత్రం మా ఎవ్వరి మీదా నిలవడం లేదు. “అక్కా, నువ్వు ఏమీ అనుకోకు. ఆ గది నా పేరున రాసిన రోజు నుంచి వీడు ఈ ఇంట్లో అన్నం తినలేదు. వీడు తినకుండా నేను అంత వెలుతురున్న గదిలో పడుకుని ఏం చేసుకోను? కారొచ్చింది. నువ్వు నిశ్చింతగా వెళ్ళిరా.”

అమ్మ కుర్చీలో కూలబడింది. నాకు ఏడుపొచ్చేసింది, దాచుకోలేదు కూడా.

తమ్ముడు సంచి కింద పెట్టాడు. బల్ల దగ్గరికొచ్చాడు. ఆ ఆఖరి పేజీ తీసి, నిలువునా చింపేశాడు.

“నా సంతకం!” అన్నాడు ఇస్త్రీ బాబాయ్ గుండె మీద చెయ్యేసుకుని.

“ఒరేయ్, నీకేమైనా పిచ్చా!” అంది అమ్మ.

“నాకా పిచ్చి? నాకు గది కావాలని మీకు చెప్పిందెవరు? ఎవరైనా నన్నడిగారా?” రెండ్రోజులుగా మూసుకున్న నోరు అది, ఇక ఆగలేదు. “ఏం రాయించావు నువ్వు? ‘ఆమె బతికున్నంతకాలం ఆ గదిలో ఉండనివ్వాలి, ఎవరూ ఖాళీ చేయించరాదు.’ ఆ ‘ఎవరూ’ ఎవరు? ఇల్లు నాకు రాశావుగా, మరి ఖాళీ చేయించేది ఎవరు? నేనేగా! జ్వరమొస్తే రాత్రంతా నన్ను వీపున వేసుకుని తిరిగిన మనిషిని నేను గెంటేస్తానని, అది ఆపడానికి కాగితం రాయించి, సాక్షిగా నా చేతే సంతకం పెట్టించావు. కడుపు మండిపోదా? అన్నం ఎలా దిగుతుంది?”

బయట కారు మళ్ళీ హారన్ కొట్టింది.

గది కోసం అలిగాడనే అనుకున్నాం అందరం. నేనూ అనుకున్నాను. నా తమ్ముణ్ణి నేను ఎంత తక్కువగా లెక్కేశానో తల్చుకుంటే సిగ్గేసింది. సిగ్గు వెనకే సంతోషం కూడా పొంగుకొచ్చింది, ఏం చెయ్యను?

అమ్మ లేచి వాడి దగ్గరికెళ్ళింది. చెంప మీద చిన్నగా ఒకటిచ్చింది.

“వెధవా, నీ మీద నమ్మకం లేక రాశాననుకున్నావా? నువ్వు గెంటవురా. నాకు తెలీదూ? కానీ రేపు నీకూ నాలాగే రాళ్ళొస్తే? నువ్వు లేకపోతే? నీ తర్వాత వచ్చేవాళ్ళు, ఈ ఇల్లు కొనేవాళ్ళు, వాళ్ళెవరికీ అది పిన్ని కాదు. వాళ్ళకి నీ మనసు చూపించలేను, కాగితమే చూపించాలి. నేనిప్పుడు మొహాలు తెలియనివాళ్ళ కోసం రాస్తున్నా, నీ కోసం కాదు.”

వాడు తల వంచుకున్నాడు. “ఆ మాట ఆదివారమే చెప్పొచ్చుగా,” అన్నాడు.

“నువ్వు ఉంటేగా చెప్పడానికి!”

లాయరమ్మ ముక్కు తుడుచుకుని గడియారం చూసింది. “అన్నీ బావున్నాయి గానీ, ఇప్పుడు మన చేతిలో వీలునామా లేదు. ఆఖరి పేజీ రెండు ముక్కలైంది. గుమాస్తా రాలేదు. కారు నిలబడి ఉంది.”

“ఆయనెందుకు?” అన్నాడు తమ్ముడు. “నా పేరు తీసేసి రాయక్కా. ఇల్లు కూడా పిన్నికే రాసెయ్యి. నాకేమీ రాదుగా, రెండో సాక్షిగా నేనే పెడతా.”

“నీకేమీ లేకుండానా?” అంది అమ్మ.

“పిన్ని నన్ను ఉండనిస్తుందిలే.”

పిన్ని అప్పటిదాకా బిగబట్టుకున్నది ఒక్కసారిగా తెగింది. వాణ్ణి కావలించుకుని బావురుమంది. వాడి తెల్లచొక్కా మీద పాలిష్ చేతులు రెండూ అచ్చు గుద్దినట్టు పడ్డాయి. “అయ్యో, నా ఇస్త్రీ!” అన్నాడు బాబాయ్. అంతే, ఏడుస్తున్నవాళ్ళం ఏడుస్తూనే నవ్వాం. అమ్మ డొక్క పట్టుకుని, “చాలు, రాళ్ళు ఇక్కడే పడిపోయేట్టున్నాయి,” అంది.

“అది కుదరదు అక్కా,” అంది పిన్ని కళ్ళు తుడుచుకుంటూ. “ఇల్లు వాడిది. సాక్షి నేను.”

“సాక్షి నేనని చెప్పానుగా!”

“నోర్ముయ్‌రా. పెద్దదాన్ని, నేను చెబుతున్నా.”

“ఇల్లు నీది పిన్నీ, నా మీద నోరు చేసుకునే హక్కు కూడా నీదే. సంతకం మాత్రం నాది.”

కారు డ్రైవరు గుమ్మంలోకొచ్చి, మూడింటికి చేరాలంటే ఇప్పుడే కదలాలన్నాడు. ఆసుపత్రి నుంచి ఫోన్ కూడా మోగడం మొదలైంది. లాయరమ్మ నా ముందు తెల్లకాగితం పరిచి, పెన్ను చేతిలో పెట్టింది.

“రాయమ్మా, త్వరగా. ఇల్లు ఎవరికి?”

నేను తలెత్తి చూశాను. పిన్ని తమ్ముడి వైపు వేలు చూపిస్తోంది. తమ్ముడు పిన్ని వైపు చూపిస్తున్నాడు. ఇద్దరూ దించడం లేదు.

“అమ్మా, నువ్వే చెప్పు!” అన్నాను.

అమ్మ వాళ్ళిద్దర్నీ మార్చి మార్చి చూసింది. పొద్దుట్నించి ఆవిడ మొహంలో ఉన్న బెంగ ఎక్కడికి పోయిందో, మచ్చుకైనా కనిపించలేదు.

“ఏం చెప్పనే?” అంది. “జీవితమంతా నా పిల్లలు కొట్టుకుంటారేమోనని భయపడ్డాను. ఇప్పుడు చూడు, తీసుకునేవాడు ఒక్కడూ లేడు!”